దాక్షాయణి గురించి నేను దాచిన మాట

పోయిన నవంబర్‌లో మా కాలేజీలో రాజ్యాంగ దినోత్సవం చేశాం. చేశాం అంటే, చేయమని పైనుంచి సర్క్యులర్ వచ్చింది. ప్రిన్సిపాల్ గారు దాన్ని నా టేబుల్ మీద పెట్టి "మీరైతే బాగుంటుంది మేడం" అన్నారు. పొలిటికల్ సైన్స్‌లో ఇద్దరు లెక్చరర్లున్నారు. నేను చెప్పేది తెలుగు. అయినా ఏప్రిల్ 14, నవంబర్ 26, డిసెంబర్ 6 ఎప్పుడూ నేనైతేనే బాగుంటాయి. ఉగాది కవి సమ్మేళనం మాత్రం, అది తెలుగు డిపార్ట్‌మెంట్ పనే అయినా, ఇంకెవరైనా చేస్తేనే బాగుంటుంది.

సరే, ఆ కథ ఇంకోసారి. ఈసారి సంగతి ఫ్లెక్స్ గురించి. రాజ్యాంగ సభలో పనిచేసిన పదిహేనుమంది స్త్రీల ఫోటోలతో ఒక ఫ్లెక్స్ వేయించాను. దుర్గాబాయి మన రాజమండ్రి మనిషి కాబట్టి పిల్లలు టక్కున గుర్తుపట్టారు. సరోజినీ నాయుడిని గుర్తుపట్టారు. ఇరవై ఐదో తారీఖు సాయంత్రం హాస్టల్ పిల్లలు దాన్ని గేటు దగ్గర కడుతుంటే, బీఏ ఫైనలియర్ కుర్రాడొకడు తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మేడం, ఈమె ఫోటో తీసేద్దాం."

వేలు పెట్టింది దాక్షాయణి వేలాయుధన్ మీద. ఆ పదిహేనుమందిలో దళిత స్త్రీ ఆమె ఒక్కతే. "ఎందుకు నాన్నా?" అన్నాను. జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. రాజ్యాంగ సభ చర్చలు, 1947 ఆగస్టు 28. "ఈమె రిజర్వేషన్లే ఇష్టం లేదంది మేడం. ప్రత్యేక నియోజకవర్గాలు వద్దంది. ఏప్రిల్‌లో మీరు ఈమె గురించి గంటసేపు చెప్పారు. ఈ మాట చెప్పలేదు. మీకు తెలియదా, తెలిసే చెప్పలేదా?"

తెలిసే చెప్పలేదు.

ఆ సాయంత్రం ఫ్లెక్స్ అలాగే కట్టించాను. వాడికి జవాబు మాత్రం చెప్పలేదు. "టైమవుతోంది, ముందు పని కానియ్యండి" అన్నాను. మేడం అనే హోదా అలాంటప్పుడు భలే పనికొస్తుంది. కాబట్టి ఈ వారం రాసేది వాడికి బాకీ. వాడితోపాటు, ఏప్రిల్‌లో ఆ గంటసేపు నా మాట నమ్మి చప్పట్లు కొట్టిన వాళ్లందరికీ.

ముందు దాక్షాయణి ఎవరో చెప్పాలి. తెలిసినవాళ్లు కొంచెం ఓపిక పట్టండి.

1912 జూలై 4న కొచ్చి సంస్థానంలో, ఎర్నాకుళం పక్కన ముళవుకాడ్ అనే చిన్న దీవిలో పుట్టింది. కులం పులయ. వరిపొలాల్లో నడుములోతు నీళ్లలో దిగి పనిచేసే కులం. మన దగ్గర అంటరానితనం ముట్టుకుంటే వచ్చేది. అక్కడ చూస్తేనే, దగ్గరికొస్తేనే మైల. ఎవరు ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో కులాన్ని బట్టి లెక్క ఉండేది. ఆడవాళ్లు పైన బట్ట కప్పుకోకూడదు. సంస్థానం నేల మీద పులయలు సభ పెట్టుకోవడానికి వీల్లేదు. అందుకని 1913లో వాళ్లు పడవలు తెచ్చి, ఒకదానికొకటి కట్టి, కాయల్ నీళ్ల మీద సభ పెట్టుకున్నారు. నేల రాజుగారిది, నీళ్లు ఎవరివీ కావు కదా. ఆ సభ నడిపినవాళ్లలో కృష్ణాది ఆశాన్ ఒకరు, ఆయన దాక్షాయణికి దగ్గరి బంధువు. అప్పటికి ఆ పిల్లకి ఏడాది వయసు. నేను ఎన్నిసార్లు చెప్పినా క్లాసులో పిల్లలు బెంచీల మీద ముందుకు వంగి వినే ఘట్టం ఇదే.

రెండోది పేరు. అప్పట్లో పులయ ఆడపిల్లలకు అళకి, చక్కి, కాళి లాంటి పేర్లుండేవి. దాక్షాయణి అంటే దక్షుడి కూతురు, పార్వతి. అది పై కులాలు పెట్టుకునే పేరు. వాళ్లింట్లో తెలిసే పెట్టారు. మా పల్లెలో మా నాయనమ్మల తరం పేర్లు పెంటమ్మ, పుల్లమ్మ. అవి కూడా ఊళ్లోకి పోతే పూర్తిగా పలికేవాళ్లు కాదు, "ఏమే పెంటీ" అనేవాళ్లు, పిలిచేది పదేళ్ల పిల్లాడైనా సరే. పేరులోనే కయ్యం మొదలవుతుందని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె ఇంటివాళ్లు చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. పొలం గట్టు మీద దాక్షాయణి నడిచిపోతుంటే పై కులం ఆవిడ ఎదురొచ్చి, పక్కకు దిగమంది. ఈ పిల్ల దిగలేదు. పోవాలంటే నువ్వే దిగిపొమ్మంది. ఆవిడే మళ్లోకి దిగి పోవాల్సి వచ్చింది.

ఇక మూడోది, ఏప్రిల్‌లో నేను గొంతు పూడుకుపోయి సరిగ్గా చెప్పలేకపోయినది. ఎర్నాకుళం మహారాజా కాలేజీలో ఆమె కెమిస్ట్రీ చదివింది. సైన్సు క్లాసులో ఆడపిల్ల ఆమె ఒక్కతే. ల్యాబ్‌లో ప్రయోగాలు ఆమెకు దగ్గరగా చూపించేవాళ్లు కాదు, దూరంగా నిలబడి చూడాలి. అలా దూరం నుంచి చూసే నేర్చుకుని 1935లో బీఎస్సీ పాసయింది. దేశంలో డిగ్రీ తీసుకున్న మొదటి దళిత స్త్రీ అంటారు ఆమెను.

నేను ఇంటర్‌లో బైపీసీ. ఈ మాట చాలామందికి తెలియదు. పదిలో మంచి మార్కులొచ్చాయని ఫీజు తగ్గించి ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ వాళ్లు చేర్చుకున్నారు. మా అమ్మ మిర్చి కోతలకు పోయి, కళ్లాల్లో తాలుకాయలు ఏరి, మిగతా ఫీజు కట్టేది. చేతులు మండుతున్నా కొబ్బరినూనె రాసుకుని పడుకునేది. నాకు డాక్టర్ అవ్వాలని పెద్ద ఆశేం లేదు గానీ కెమిస్ట్రీ ఇష్టం. టైట్రేషన్ ఇష్టం. బ్యూరెట్‌లోంచి చుక్క చుక్కగా వదులుతూ, ఒక్క చుక్క దగ్గర ఫ్లాస్కులో రంగు మారిపోవడం చూస్తుంటే గుండె ఆగినట్టుండేది.

నలుగురికి ఒక బ్యాచి. ఆ రోజుల్లో పిపెట్‌ని నోటితోనే లాగేవాళ్లం. గుర్తు దాకా ద్రావణం లాగి, వేలితో మూసి పట్టుకోవాలి. మొదటిరోజు నేను కాస్త ఎక్కువ లాగేసరికి సోడియం హైడ్రాక్సైడ్ నోట్లోకొచ్చి సబ్బు తిన్నట్టయింది. అందరం నవ్వుకున్నాం. రెండో ల్యాబుకి, నేను వాడిన పిపెట్‌ని మా బ్యాచి అమ్మాయి కుళాయి కింద ఒకసారి కడిగింది. మళ్లీ కడిగింది. మళ్లీ కడిగింది. మూడో ల్యాబుకి ల్యాబ్ చూసే ఆయన వచ్చి చాలా మెత్తగా చెప్పాడు, "నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుందమ్మా, నువ్వు రీడింగులు రాసెయ్, వాళ్లు చేస్తార్లే."

ఎవరూ కులం పేరెత్తలేదు. ఎత్తాల్సిన పనేముంది? నోటితో లాగేది, అది ఎంగిలి. రెండేళ్లు ఆ బల్ల చివర నిలబడి నేను రీడింగులు రాశాను. ప్రాక్టికల్స్‌లో నాకు ముప్పైకి ముప్పై వచ్చాయి. ఆ తర్వాత బీఏలో స్పెషల్ తెలుగు తీసుకున్నాను. తెలుగులోకి ఎందుకొచ్చారని ఇంటర్వ్యూల్లో అడిగితే, కవిత్వం మీద ప్రేమతో అని చెప్తుంటాను. అది అబద్ధం కాదు. మొత్తం నిజమూ కాదు.

అందుకే దాక్షాయణి నాకు మొదటిసారి కనబడినప్పుడు నేను చదవలేదు, అతుక్కుపోయాను. అది పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో. దళిత స్త్రీల కథల మీద నా పని, రాజ్యాంగ సభ చర్చలతో నాకు సంబంధమే లేదు. లైబ్రరీలో వేరే పుస్తకం కోసం వెతుకుతుంటే ఈ ల్యాబ్ సంగతి దొరికింది. నేను వదిలేసి వచ్చిన బల్ల దగ్గర ఈమె నిలబడింది, నిలబడి గెలిచింది అనిపించింది. అలా అతుక్కున్న మనిషి గురించి మనకు నచ్చని మాట కనబడితే ఏం చేస్తాం? పేజీ తిప్పేస్తాం. నేను తిప్పేశాను.

ఇప్పుడు ఆ పేజీ.

కుర్రాడు అనుకున్నట్టు దాక్షాయణి గాంధీ మనిషేనా? పెళ్లి చూస్తే అలాగే ఉంటుంది. 1940 సెప్టెంబర్ 6న వార్ధా దగ్గర సేవాగ్రాం ఆశ్రమంలో, గాంధీ, కస్తూర్బాల ముందు, ఒక కుష్టురోగి పురోహితుడిగా ఆర్. వేలాయుధన్‌ను పెళ్లాడింది. ఇది చదివితే నాకు లోపల ఏదో గింజుకుంటుంది. ఎవరి ప్రయోగానికి ఎవరి పెళ్లి అనిపిస్తుంది. కానీ ఆ ఫోటో దగ్గరే ఆగిపోతే తప్పు. ఐదేళ్ల తర్వాత, 1945లో కొచ్చి శాసన మండలికి నామినేట్ అయినప్పుడు ఆమె ఏం మాట్లాడిందో చూడండి. మొదటి ప్రసంగంలోనే అణగారిన వర్గాలకు ఇచ్చే నిధులు ఏటికేడు ఎలా తగ్గిపోతున్నాయో లెక్క తీసింది. హరిజన అనే పేరు గురించి కూడా చెప్పింది. అంటరానితనం ఉన్నంతకాలం ఆ పేరుకు అర్థం లేదు, కుక్కకు నెపోలియన్ అని పేరు పెట్టినట్టు ఉంటుంది అంది. గాంధీ సాక్షిగా పెళ్లి చేసుకున్న మనిషి గాంధీ పెట్టిన పేరు మీద ఈ మాట అంది. మన దగ్గర పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారే, అంతకంటే చురుకైన మాట.

అప్పటికి ఆమెకు పదేళ్ల టీచర్ అనుభవం ఉంది. త్రిశూర్, త్రిప్పూణిత్తుర వైపు ప్రభుత్వ హైస్కూళ్లలో 1935 నుంచి 1945 దాకా పాఠాలు చెప్పింది. నేను ఆమెను ఊహించుకునేటప్పుడు పార్లమెంటు మెట్ల మీద ఊహించుకోను, స్టాఫ్ రూములో ఊహించుకుంటాను. ఏ కుర్చీలో కూర్చునేదో, మంచినీళ్ల కుండ దగ్గరికి తనే వెళ్లేదో లేదో.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికైంది. వయసు ముప్పై నాలుగు. ఈ పోస్ట్ చదివే పరిశోధక విద్యార్థుల్లో చాలామంది దాదాపు ఆ వయసువాళ్లే. అదే ఏడాది డిసెంబర్ 19న ఆశయాల తీర్మానం మీద మాట్లాడుతూ, ఏడు కోట్ల మందిని మైనారిటీ అంటే నేను నమ్మను అంది. తమకు కావాల్సింది రకరకాల రక్షణలు కాదు, సామాజికంగా తమను కట్టిపడేసిన సంకెళ్లు వెంటనే తెగిపోవడం అంది.

ఇక 1947 ఆగస్టు 28. ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. 1932లో పూనా ఒప్పందంతో ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి, ఉమ్మడి ఓటుతో రిజర్వుడు సీట్లు మిగిలాయి. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' రాసినప్పుడు అంబేద్కర్ మళ్లీ ప్రత్యేక నియోజకవర్గాలు అడిగాడు. సభ ఒప్పుకునే వాతావరణం లేదు. అప్పుడు మద్రాసు నుంచే వచ్చిన మన తెలుగు దళిత సభ్యుడు ఎస్. నాగప్ప ఒక మధ్యే మార్గం పట్టుకొచ్చాడు. రిజర్వుడు సీట్లో పోటీచేసినవాడు గెలిచినట్టు ప్రకటించాలంటే, అక్కడి షెడ్యూల్డు కులాల వాళ్లు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం అతనికి వచ్చి ఉండాలి. అదీ ఆయన సవరణ.

ఎందుకు అడిగాడో మీకు నేను విడమరచి చెప్పనక్కర్లేదు. రిజర్వుడు సర్పంచ్ ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లే మీరంతా. కుర్చీలో కూర్చునేది మనవాడే, కూర్చోబెట్టింది ఎవరు? సంతకం మనదే, చెక్‌బుక్ ఎవరింట్లో ఉంటుంది? నాగప్ప ఈ సంగతి మొదటి ఎన్నికలు జరగకముందే చూశాడు. ఇంత మాట ఢిల్లీలో నిలబడి అడిగిన తెలుగువాడి పేరు మన పాఠ్యపుస్తకాల్లో నేనైతే ఎక్కడా చదవలేదు. నా పీహెచ్‌డీ అయ్యేదాకా నాకూ తెలియదు.

ఆ చర్చలో దాక్షాయణి నాగప్ప వైపు నిలబడలేదు. వ్యక్తిగతంగా తనకు ఏ రకం రిజర్వేషనూ ఇష్టం లేదంది. బ్రిటిష్ పాలన మిగిల్చిపోయిన పరిస్థితుల వల్ల వీటిని ఒప్పుకోవాల్సి వస్తోందంది. ఆ తర్వాతిది, మా కుర్రాడి ఫోన్ స్క్రీన్ మీద కనబడని మాట. షెడ్యూల్డు కులాలు, హరిజనులు, ఏ పేరైనా పెట్టుకోండి, వాళ్లు ఇంకొకళ్లకు ఆర్థికంగా బానిసలుగా ఉన్నంతకాలం ప్రత్యేక నియోజకవర్గమైనా, ఉమ్మడి నియోజకవర్గమైనా, ఈ శాతాల లెక్కలైనా అర్థం లేనివే అంది.

నాగప్ప సవరణ నెగ్గలేదు.

నేను ఎటు? నేను నాగప్ప వైపు. ఇందులో నాకు ఊగిసలాట లేదు. మా అమ్మ మిర్చి కళ్లం నుంచి నేను కాలేజీ కుర్చీలోకి వచ్చింది రోస్టర్ పాయింట్ మీద. ఆ పాయింట్ లేకపోతే నా డాక్టరేట్ అట్టపెట్టెలో ఉండేది. "సామాజిక సంకెళ్లు తెగితే చాలు" అని 1946లో నమ్మడం దాక్షాయణికి సాధ్యమైంది. అప్పుడే స్వాతంత్ర్యం వస్తోంది, అంతా మారిపోతుందని గాలిలోనే ఉంది. ఆ నమ్మకాన్ని మనం డెబ్భై ఏళ్లు వాడి చూశాం, ఎంత చిరిగిందో మనకు తెలుసు. ఆమె పొరపడింది అని నేను అంటాను.

కానీ ఆ ఆర్థిక బానిసత్వం మాట ఉంది చూశారూ, దానికి నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్లో ఎన్నికల ముందురోజు కూలీల మేస్త్రీ ఇంటింటికీ వచ్చేవాడు. ఏం మాట్లాడేవాడు కాదు. రేపు పొద్దున ఎవరి చేలో కోత ఉందో చెప్పి పోయేవాడు. అంతే. మా అమ్మ ఆ చేను ఆసామి చెప్పిన గుర్తుకే వేసేది. నాగప్ప అడిగిన 35 శాతం లెక్క మా పల్లెలో పెట్టినా, ఆ 35 శాతం ఎవరి చేతిలో ఉండేది? దాక్షాయణి అడిగింది ఇదే ప్రశ్న. రాజ్యాంగం ఆమోదించే ముందురోజు, 1949 నవంబర్ 25న, అంబేద్కర్ రాజకీయాల్లో సమానత్వం, ఆర్థిక సామాజిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యం గురించి హెచ్చరించిన ప్రసంగం మనందరికీ కంఠతా వచ్చు. దానికి రెండేళ్ల ముందు అదే సభలో ఒక పులయ స్త్రీ అదే పుండు మీద వేలు పెట్టింది. మందు దగ్గర ఇద్దరికీ తేడా ఉంది. పుండు ఒకటే.

ఇదంతా ఏప్రిల్‌లో చెప్పి ఉండాల్సింది. చెప్పకపోవడానికి కారణం సిగ్గుగా ఉంది గానీ చెప్తాను. ముందు వరుసలో రిజర్వేషన్ల మీద వెటకారాలాడే ఇద్దరు సహోద్యోగులు కూర్చున్నారు. "చూశారా, మీవాళ్లే వద్దన్నారు" అని స్టాఫ్ రూములో అంటారని భయపడ్డాను. వాళ్ల నోళ్లకు భయపడి మన పిల్లల దగ్గర దాచాను. వాళ్లు ఏమీ అడగలేదు. మన పిల్లాడే అడిగాడు.

ఇంకో రెండు తేదీలు చెప్పాలి, ఫోటో తీసేద్దామన్నవాళ్లు వీటిని కూడా చదవాలి.

1948 నవంబర్ 4న అంబేద్కర్ ముసాయిదాను సభ ముందు పెట్టాడు. ఎనిమిదో తారీఖున దాక్షాయణి లేచింది. మెచ్చుకుంది, మెచ్చుకుని ఊరుకోలేదు. అధికారమంతా కేంద్రం దగ్గరే పోగుపడుతోంది, కిందికి పంచండి అంది. ఈ రాజ్యాంగాన్ని సాధారణ ఎన్నికలు పెట్టి జనం ఆమోదం తీసుకున్నాక అమల్లోకి తెండి అని కూడా అంది. ఆ సభను ఎన్నుకున్నది రాష్ట్రాల శాసనసభలు. ఆ శాసనసభలను ఎన్నుకున్నది ఆస్తో చదువో ఉండి ఓటు దక్కినవాళ్లు. మన పల్లెల్లో చాలామందికి ఓటే లేదు. ఆ లెక్కలో చూస్తే ఆమె అడిగింది అందరికీ ఓటొచ్చాక వాళ్లను అడగమని. అంబేద్కర్ ఎదురుగా నిలబడి, ఆయన ముసాయిదాలో లోటు చూపించిన దళిత స్త్రీ ఆమె. ఇవాళ మన గ్రూపుల్లో ఎవరైనా అమ్మాయి అంత మాటంటే కింద కామెంట్లు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

రెండోది అదే నెల 29. అంటరానితనం రద్దు చేసే అధికరణం చర్చకొచ్చిన రోజు. ముసాయిదాలో అది 11, ఇప్పుడు 17. దాక్షాయణి మాట్లాడుతుండగా సమయం మించిపోయింది. అధ్యక్ష స్థానంలో ఉన్న ఉపాధ్యక్షుడు ఇంకొంచెం మాట్లాడనిచ్చాడు. ఎందుకని? కేవలం మీరు స్త్రీ కాబట్టి అన్నాడు. అంటరానితనం గురించి మాట్లాడటానికి ఆ సభలో ఆమెకున్న అర్హత ఎవరికుంది? గట్టు మీద నిలబడిన పిల్ల, ల్యాబ్‌లో దూరంగా నిలబడిన పిల్ల. ఆమెకు ఆడమనిషివని కనికరించి రెండు నిమిషాలు ఇచ్చారు.

నవ్వకండి. మన సభల్లో ఏం చేస్తున్నాం? పోస్టర్ మీద ఏడుగురు వక్తలుంటే ఆరుగురు అన్నలు, చివర ఒక అక్క. ఆ అక్కకు "మహిళా ప్రతినిధిగా" రెండు నిమిషాలు. లేకపోతే వందన సమర్పణ. నేను ఎన్ని వేదికల మీద వందన సమర్పణ చేశానో లెక్కపెట్టడం మానేశాను. డాక్టరేట్ వచ్చాక మాత్రం ఒక మార్పు జరిగింది. ఇప్పుడు "డాక్టర్ మేడం వందన సమర్పణ చేస్తారు" అంటున్నారు.

ఆ రెండు నిమిషాల్లో దాక్షాయణి చెప్పింది ఏమిటంటే, ఈ రాజ్యాంగం పనిచేయడం చట్టాన్ని అమలు చేయడం మీద కంటే జనం రేపు ఎలా నడుచుకుంటారనే దాని మీద ఆధారపడి ఉంటుందని. ఈ సభే కులవివక్షను ఖండిస్తూ ఒక తీర్మానం చేయాలని. ఆ పిపెట్‌ని మూడుసార్లు కడిగిన అమ్మాయి ఏ చట్టం కింద నేరం చేసింది చెప్పండి? ఏ స్టేషన్‌లో రాసుకుంటారు? అధికరణం 17 ఆ ల్యాబ్‌లో ఉంది. ఆ గోడ మీదే ఉంది, అంబేద్కర్ ఫోటో కింద.

తర్వాత ఆమె బతుకు చాలా నిశ్శబ్దంగా గడిచింది. 1952 తర్వాత ఆమె పార్లమెంటులో లేదు. 1971లో కేరళలో అడూర్ లోక్‌సభ స్థానంలో స్వతంత్రంగా నిలబడింది. అది ఎస్సీ రిజర్వుడు స్థానం. ఓడిపోయింది. గెలిచింది సీపీఐ అభ్యర్థి భార్గవి తంకప్పన్, ఆమె కూడా దళిత స్త్రీయే. నేను ఇక్కడ భార్గవిని తప్పుపట్టడం లేదు. నాకు తోచేదల్లా ఇది: రిజర్వుడు సీటైనా పార్టీ గుర్తు లేకపోతే, వెనక ఎవరూ లేకపోతే, రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషికైనా దారి లేదు. నాగప్ప 1947లో భయపడింది దాదాపు ఇలాంటి దానికే. అడూర్‌లో ఓట్లు లెక్కపెడుతున్న రోజు దాక్షాయణికి నాగప్ప గుర్తొచ్చి ఉంటాడా అని నాకు పిచ్చి ఆలోచన వస్తుంటుంది.

1977లో ఢిల్లీలో మహిళా జాగృతి పరిషత్ పెట్టింది. 1978 జూలై 20న చనిపోయింది. అరవై ఆరేళ్లు. 2019లో కేరళ ప్రభుత్వం ఆమె పేరున ఒక అవార్డు పెట్టింది.

ఇక మా కుర్రాడి సంగతి. డిసెంబర్ మొదటి ఆదివారం నేను ఆ మూడు ప్రసంగాలు, 1947 ఆగస్టుది ఒకటి, 1948 నవంబర్‌వి రెండు, జిరాక్స్ తీసుకుని హాస్టల్‌కి వెళ్లాను. నాగప్ప ప్రసంగం కూడా. మెస్ హాలులో బల్లలు జరిపి కూర్చున్నాం, ఇరవై మంది దాకా. ముందు సారీ చెప్పాను. లెక్చరర్ సారీ చెప్తే పిల్లలకు ఎటు చూడాలో తెలియదు, పాపం. ఆ తర్వాత ఒకళ్లు చదవడం, ఒకళ్లు తెలుగులో చెప్పడం. రెండు గంటలనుకున్నది సాంబార్ గిన్నెలు లోపలికి తెచ్చేదాకా సాగింది.

కుర్రాడు మారలేదు. "ఆర్థిక బానిసత్వం మాట కరెక్టే మేడం, కానీ ఆ మాట చెప్పి నాగప్పకి అడ్డం నిలబడటం కరెక్టు కాదు" అన్నాడు. నేనూ అదే అంటున్నాను అన్నాను. "మరి ఫోటో?" అని పక్కనుంచి ఎవరో అడిగారు. వాడు కాసేపు గోక్కుని, "ఉండనీ. పక్కన నాగప్పది కూడా పెట్టాలి. ఎవరి కింద వాళ్లన్నది రాయాలి" అన్నాడు. నాగప్ప ఫోటో ఎక్కడ దొరుకుతుందో ఇంకా వెతుకుతున్నాం. మంచి ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి.

బీఎస్సీ సెకండియర్ అమ్మాయి ఒకతి అంతసేపూ ఏం మాట్లాడలేదు. అందరూ లేచాక నా దగ్గరికొచ్చి, దాక్షాయణిది నిజంగా కెమిస్ట్రీయేనా అని అడిగింది. అవునన్నాను. అప్పుడు నా ల్యాబ్ సంగతి చెప్పాను. ఈ కాలేజీలో మొదటిసారి ఒకరికి చెప్పడం.

"ఇప్పుడు నోటితో లాగనివ్వరు మేడం" అంది. "రబ్బరు బల్బు పెట్టి లాగుతాం."

"మీ బ్యాచిలో ఎవరు లాగుతారు?"

"నేనే" అంది.